హారతికి లేచిన చెయ్యి

పోయిన వారం కుప్పయ్యను చిత్తూరులో డాక్టర్ల ముందు చొక్కా విప్పించి నిలబెట్టి వదిలిపెట్టాం. వారం రోజులుగా ఆ మనిషి అట్లాగే నిలబడి ఉన్నాడేమో, చెయ్యి దించనిచ్చారో లేదో అని మీలో కొందరు కంగారుపడ్డారట. కంగారు అక్కర్లేదు. గండం గడిచింది. గడవకపోయినా బాగుండేదని ఈ వారం మీకే అనిపిస్తుంది.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. కుప్పయ్యది ఏర్పేడు పక్కన పల్లె. మిలిటరీలో లారీ తోలాడు. మణిపురం కొండదారిలో లారీ బోల్తా కొట్టి ఎడమ మోచెయ్యి విరిగింది. అక్కడి గుడారం ఆస్పత్రిలో దాన్ని ఎట్లా అతికించారో గానీ, చెయ్యి కట్టెలా బిగుసుకుపోయింది. ఎడమ చెయ్యి వంగకపోతే గేరు పడదు. గేరు వెయ్యలేనివాడికి డ్రైవరు పని ఎవడిస్తాడు? చిన్న పెన్షను, రెండు మెడళ్ళు చేతిలో పెట్టి ఇంటికి పంపించారు.

యుద్ధం ముగిశాక సర్కారు వారికి దయ పుట్టింది. దెబ్బతిన్న సిపాయిలు సొంతంగా వ్యాపారం పెట్టుకుంటే సాయం చేస్తామన్నారు. బస్సు పర్మిట్టుకు అవిటి సిపాయిదే మొదటి వంతు అన్నారు. కుప్పయ్య అర్జీ పెట్టాడు. దయ అయితే పుట్టింది గానీ జవాబు రాయడానికి తీరిక పుట్టలేదు. ఈలోగా పెండ్లాం మునిలక్ష్మి ఊరుకుంటుందా? ఈ చుట్టుపక్కల ఎముక విరిగినవాడు ఎవడైనా ఏం చేస్తాడు? పుత్తూరు పోతాడు. ఆమె కూడా మొగుణ్ణి లాక్కుపోయింది. కట్టుకట్టే పెద్దాయన పసరు పట్టీలు వేసి పాత అతుకును మెత్తబరిచి, మళ్ళీ విరిచి, సరిగా కూర్చి, గుడ్డు సొన పూసి వెదురు దబ్బలతో బిగించాడు. కట్టు విప్పిన రోజు కుప్పయ్య మొట్టమొదట చేసిన పని, ఆ చేత్తో ఎడమ చెవి వెనక గోక్కోవడం. రెండేండ్లుగా అందని చోటు అది. గోక్కుంటూ ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే చిత్తూరు నుంచి పిలుపొచ్చింది, అవిటితనం చూపించి పర్మిట్టు తీసుకోమని. చూపించడానికి అవిటితనం ఎక్కడుంది? చెయ్యి బాగుచేసుకోవడం తప్పవుతుందని ఈ దేశంలో ఎవడు మాత్రం అనుకుంటాడు! కుప్పయ్య చెయ్యి బిగబట్టుకుని వెళ్ళాడు. డాక్టరు గుంటనక్క. మాటల మధ్యలో ఉన్నట్టుండి నిమ్మకాయ విసిరాడు. పట్టుకుని ఉంటే కథ అక్కడే ముగిసేది. కుప్పయ్య ముక్కు కమిలింది గానీ చెయ్యి కదల్లేదు. పర్మిట్టు వచ్చింది.

పర్మిట్టు ఉంటే సరిపోతుందా, బస్సు కావాలి కదా. ఆ బస్సు తెచ్చినవాడు మోటారు ఏకాంబరయ్య. తిరుపతి చుట్టుపక్కల తిరిగే బస్సుల్లో చాలావరకు అతని చేతిలోవే. బస్సు నీ పేర, పెట్టుబడి నాది, ఇద్దరికీ చెరిసగం అన్నాడు. కొండ వైపు తిరిగి కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి ఒట్టేశాడు. వెంకన్న ముందు కర్పూరం ఆర్పినవాడు మాట తప్పుతాడని కుప్పయ్య కలలో కూడా అనుకోడు. ఏడాది గడిచాక స్వామి దయవల్ల చెయ్యి వచ్చిందని చెప్పి, తన బస్సు తానే తోలుకోవాలని అతని ఆశ. ఈ ఆశ మునిలక్ష్మికి తెలుసు. ఆ చెయ్యి వంగుతుందన్న సంగతి కట్టుకట్టిన పెద్దాయనకూ, ఆమెకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇక ఈ వారం కథలోకి రండి.

తిరుపతిలో బస్సులు నిలిచే మైదానంలో ఆ పొద్దు కొత్త బస్సుకు పూజ. కొత్త బస్సంటే కొత్తదేం కాదు, ఎవరో వాడి వదిలేసినదానికి రంగు వేయించారు. వెనకాల బొగ్గు పీపా బిగించారు. పెట్రోలు దొరకని రోజులు కదా, బస్సులన్నీ బొగ్గు పొగతోనే ఈడ్చుకుంటూ నడుస్తున్నాయి. పక్కన పచ్చరంగు మీద తెల్ల అక్షరాలు: మాజీ సిపాయి కుప్పయ్య బస్సు సర్వీసు, తిరుపతి – పుత్తూరు. చదువు రాని మునిలక్ష్మి ఆ అక్షరాలను వేలితో తడిమి, ఇందులో నీ పేరు ఏది మామా అని అడిగి మరీ చూసుకుంది.

కుప్పయ్య ఖాకీ చొక్కా ఉతికి గంజిపెట్టి వేసుకొచ్చాడు. మెడళ్ళు పెట్టుకొచ్చాడు. ఎడమ చెయ్యి కట్టెలా వేలాడేసుకున్నాడు. చిత్తూరు నుంచి సిపాయిల ఆఫీసరు కెప్టెన్ దేవసహాయం గారు కారులో వచ్చారు. చెడ్డమనిషి కాదు. తన జిల్లాలో ఒక సిపాయి బస్సు యజమాని అయ్యాడన్న సంతోషం ఆయన ముఖంలో తెలిసిపోతోంది. ఒంటికాలి సుబ్బన్న కూడా కర్ర ఊతంతో వచ్చి దూరంగా నిలబడ్డాడు. అతనూ మిలిటరీవాడే. చంద్రగిరి పోయే బస్సు మీద అతని పేరు ఉంది. ఆ పేరు చూసి కుప్పయ్య ఎన్నిసార్లు అసూయపడ్డాడో లెక్కలేదు. ఇంక అసూయ అవసరం లేదనుకుని సుబ్బన్నకు నవ్వుతూ తలూపాడు. సుబ్బన్న చూసీ చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ పగిలింది. పూజారి కొబ్బరికాయ కొట్టి, బానెట్టుకు పసుపు పూసి, హారతి వెలిగించాడు. కెప్టెన్ గారు కిరస్తానీ మనిషి. మర్యాదగా పక్కకు జరిగి, బస్సు వెనక్కి వెళ్ళి బొగ్గు పీపా ఎట్లా పనిచేస్తుందో అడిగి తెలుసుకుంటున్నారు. గోవింద నామం మోగింది. జనమంతా గోవిందా అన్నారు. పూజారి హారతి పళ్ళెం ముందుగా బస్సు యజమాని ముందుకు తెచ్చాడు.

కుప్పయ్య మనసులో ఏం తలచుకున్నాడో ఏమో. మణిపురం లోయ గుర్తొచ్చిందో, మోకాళ్ళ మీద కొండెక్కిన తల్లి గుర్తొచ్చిందో. రెండు చేతులూ లేచాయి. మంటకు చాచి, రెండూ మడిచి, కళ్ళకద్దుకున్నాడు. నిమ్మకాయకు లొంగని చెయ్యి హారతికి లొంగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి హారతి కనపడితే లేచే చేతులవి. వాటిని ఆపాలని ఎవరికి తోస్తుంది?

కళ్ళు తెరిచాక తెలిసింది. గబుక్కున ఎడమ చెయ్యి దించేశాడు. కెప్టెన్ గారు ఇంకా బస్సు వెనకే ఉన్నారు. జనం గోవిందుణ్ణి తలుచుకుంటూ కళ్ళు మూసుకున్నారు. పక్కన నిలబడ్డ ఏకాంబరయ్య మాత్రం కళ్ళు మూసుకోలేదు. తన వంతు రాగానే ఎంతో భక్తిగా హారతి తీసుకున్నాడు. పళ్ళెంలో కుంకుమ తీసి తన చేత్తోనే కుప్పయ్య నుదుట పెట్టాడు. చూడలేదులే అని కుప్పయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

పీపాలో బొగ్గు రాజేసి, చక్రం తిప్పి గాలి కొడుతున్నారు. ఇంజను అందుకునేదాకా అరగంటైనా పడుతుంది. జనం ఎక్కి కూచున్నారు. పుత్తూరు బస్సంటే మీకు తెలుసు కదా, సగం మంది విరిగిన ఎముకలవాళ్ళే. గుడ్డ చుట్టిన కాళ్ళు, మెడలో వేలాడేసుకున్న చేతులు. కిటికీ పక్కన ఒక ముసలామె, అలివేలమ్మట, కుడి మణికట్టు విరగ్గొట్టుకుని కూచుని ఉంది. నొప్పి ఆమె నోటికి మాత్రం అడ్డం రాలేదు.

"ఏమబ్బా, నువ్వే కదా బస్సు ఓనరువి? ఆ చెయ్యేంది, అట్ట కట్టెమాదిరి ఉండాది?"

"యుద్ధంలో ఇరిగిందమ్మా."

"ఇరిగితే? మనిసికి రవంత బుద్ధి ఉండొద్దా? పుత్తూరికి బస్సు ఇడిసినావు. ఆడ దిగి ఒక కట్టు కట్టించుకోలేవా? నీకు చార్జీ గూడా అక్కర్లేదే!"

బస్సంతా గొల్లుమంది. కుప్పయ్య కూడా నవ్వాల్సి వచ్చింది.

"మా యన్న కొడుకు తాటిచెట్టు మింద నించి పడి నీమాదిరే అయినాడు," అని ఆమె వదల్లేదు. "కట్టు కట్టించినాము. ఇప్పుడు మళ్ళా చెట్లెక్కతా ఉండాడు, సచ్చినోడు. నా మాట ఇని పోబ్బా. ఆ చేత్తో నువ్వే తోలుకోవచ్చు బస్సు."

కింద కుప్పయ్య పక్కనున్న మునిలక్ష్మి చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. మొగుడి ముఖంలోకి చూసింది. ఏడాది ఓర్చుకో మామా అన్నట్టుగా. ఆ చూపుకు కుప్పయ్య కడుపు నిండిపోయింది. తన జన్మలో ఆ పొద్దంత బాగా మరే పొద్దూ లేదనుకున్నాడు. అనుకుంటుండగానే వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది.

"కుప్పయ్యా, ఇట్ట రాప్పా. బొగ్గు మూటలు సూడాల," అన్నాడు ఏకాంబరయ్య.

ఈ ఏకాంబరయ్య గురించి ఒక మాట. ఇట్లాంటివాడంటే బొజ్జ, బుర్రమీసం, పది ఉంగరాలు ఉంటాయనుకుంటాం. అవేవీ లేవు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. శనివారం ఉపవాసం. ఎవరినీ ఏరా అని పిలవడు. అట్లాంటివాడంటే నాకు ఇంకా ఒళ్ళు మంట.

బొగ్గు షెడ్డులోకి వెళ్ళాక తలుపు దగ్గరగా వేశాడు.

"ఎన్నాళ్ళయింది?"

"ఏంది సావుకారూ?"

"చెయ్యి వచ్చి."

కుప్పయ్య ఎడమ చెయ్యి ఇంకా నిటారుగా బిగించాడు. "చెయ్యా? యాడొచ్చింది..."

"కప్పెట్టొద్దప్పా. హారతి కాడ సూసినాను. రెండు చేతులూ ఎంత సక్కంగా లేసినాయి! కండ్లకద్దుకున్నావు. భక్తి ఉండాల్సిందే మనిసికి."

కుప్పయ్యకు దాచడం చేతకాదు. అంతా చెప్పేశాడు. "సావుకారూ, మోసం చెయ్యాలని కాదు. అర్జీ పెట్టిన పొద్దు చెయ్యి కట్టే. నిజంగా కట్టే. సర్కారోళ్ళు జవాబియ్యలేదు. నా పెండ్లాం సూసి సూసి పుత్తూరికి పిల్సకపోయింది. ఆయమ్మకేం తెలుసు, నాకేం తెలుసు, చెయ్యి బాగయితే బస్సు పోతాదని?"

"నాకెందుకప్పా ఇయ్యన్నీ? నేనేమన్నా తిట్టినానా? నాకు సంతోసం." ఏకాంబరయ్య నిజంగానే సంతోషంగా ఉన్నాడు. ఒక బొగ్గు ముక్క తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మూటలో వేశాడు. "ఇంక మాట ఇనరా."

ఆ 'రా' కుప్పయ్యకు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

"బస్సు మా యక్క కొడుకు గోవిందు తోలతాడు. ఈ పొద్దూ వాడే, పదేండ్లకూ వాడే. నువ్వు ముందర సీట్లో కూచో. ఖాకీ చొక్కా ఏసుకో, మెడళ్ళు పెట్టుకో. ఎవురన్నా సర్కారు మనిసి వస్తే చెయ్యి సూపించు. అంతే నీ పని. తిండికి ఇస్తాలే."

"చెరిసగం అన్నావే."

"ఏం సగం? సర్కారు పర్మిట్టు ఇచ్చింది ఇరిగిన చేతికి. ఇరిగిన చెయ్యి ఏదిరా నీ కాడ? పెట్టుబడి నాది. ఇంక నీదేముండాది ఇందులో?"

"కర్పూరం ఆర్పినావు! కొండకు మొకం పెట్టి ఆర్పినావు!"

"ఆర్పినాను. చెయ్యి ఇరిగిన కుప్పయ్యకు ఆర్పినాను. వాడు యాడుండాడో సూపించు, నా ఒట్టు నేను నిలబెట్టుకుంటా."

కుప్పయ్య పిడికిళ్ళు బిగుసుకున్నాయి, రెండూ. ఏకాంబరయ్య ఎడమ పిడికిలి వైపు చూసి, "అదే వద్దంటా ఉండాను," అన్నాడు మెత్తగా. "ఇంటికాడ గూడా వంచొద్దు. గోడలకు సందులుంటాయి. పండుకున్నా నిటారుగానే ఉండాల. అలవాటైతే కష్టం అనిపించదు."

"నేను పోయి చెప్పేస్తా. ఆ కెప్టెన్ దొర ఈడనే ఉండాడు. కాళ్ళ మింద పడి చెప్పేస్తా."

"చెప్పు, ఎవురొద్దన్నారు? పర్మిట్టు పోతాది, పెన్షను పోతాది. సర్కారును మోసం చేసినావని జైల్లో ఏస్తారు. కట్టు కట్టిన ఆ పెద్దాయన్ను కోర్టుకు ఈడుస్తారు. దగ్గరుండి కట్టించిన నీ పెండ్లాన్ని గూడా. నాకేం? చెయ్యి ఇరిగిన సిపాయని జాలిపడి బస్సు కొనిచ్చిన పిచ్చోణ్ణి నేను. కెప్టెన్ గారే నాకు సాక్షి." తలుపు తీస్తూ వెనక్కి తిరిగాడు. "మొకం తుడుసుకోని రా. ఫోటో తీసేదానికి మనిసి వచ్చినాడు."

వెళ్ళిపోయాడు. కుప్పయ్య బొగ్గు మూటల మధ్య ఎంతసేపు నిలబడ్డాడో. బర్మా సరిహద్దులో తుపాకులు పేలుతుంటే లారీ తోలిన మనిషి. అప్పుడు ఎదురుగా ఉన్నవాడు శత్రువని తెలుసు. ఇక్కడ నుదుట కుంకుమ పెట్టినవాడి మీద ఎట్లా తిరగబడతావు?

బయటికి వచ్చేసరికి తలుపు పక్కన సుబ్బన్న కర్ర మీద ఆనుకుని ఉన్నాడు. విన్నాడని ముఖమే చెబుతోంది. కుప్పయ్య వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న బస్సులకేసి చూస్తూ అన్నాడు.

"నాకు గూడా కర్పూరమే ఆర్పినాడప్పా. కాలు మళ్ళా మొలవదు కదా, నాకు ఇంకో సాకు చెప్పినాడు. గమ్మునుండు. నేను గమ్మునే ఉండాను."

కర్ర టకటకలాడించుకుంటూ తన పేరున్న చంద్రగిరి బస్సు వైపు వెళ్ళిపోయాడు. ఆ బస్సు టిక్కెట్ల పెట్టె పక్కన స్టూలు మీద కూచుని ఈగలు తోలుకోవడం సుబ్బన్న ఉద్యోగం. ఇన్నాళ్ళూ దాన్నే దొరతనం అనుకున్నాడు కుప్పయ్య.

మునిలక్ష్మి బస్సు ముందు చక్రం దగ్గర అన్నం మూటతో నిలబడి ఉంది. మొదటి ట్రిప్పులో పుత్తూరు పోయి, కట్టుకట్టిన పెద్దాయనకు దండం పెట్టి రావాలని ఆమె కోరిక. మొగుడి ముఖం చూడగానే మూట కింద పెట్టింది.

"ఏమైంది మామా?"

చెప్పాడు. చెప్పడానికి ఎక్కువ మాటలు పట్టలేదు. వింటుంటే ఆమె ముఖంలో మొదట భయం వచ్చింది. ఇంట్లో కూడా చెయ్యి వంచకూడదన్న మాట వినగానే భయం పోయి వేరేది వచ్చింది.

"పండుకున్నప్పుడు గూడానా?"

"అవును మే."

"ఆ పొద్దు పుత్తూరులో నీ తల నా ఒళ్ళో పెట్టుకోని కూచున్నాను," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు, చుట్టూ మనుషులున్నారు. "ఎముక పటుక్కుమని ఇరిగిన సద్దు నా కడుపులో ఇంకా ఉండాది. నా కొంగు కొరికి పీలికలు చేసినావు. అదంతా ఎవురి కోసం మామా? ఏకాంబరయ్య కోసమా?"

"నన్నేం జెయ్యమంటావు? చెప్తే జైలు. నిన్ను గూడా ఈడుస్తారంట. చెప్పకుంటే ఇది. నువ్వే చెప్పు మే, నువ్వు చెప్పినట్టే ఇంటా."

"నన్నడగొద్దు." ఆమె కళ్ళనిండా నీళ్ళు, గొంతులో మాత్రం తడి లేదు. "జైలంటే నాకు భయం లేదు. నా భయంతో నువ్వు గమ్మునుండొద్దు. నేను బాగుచేయించినాను. దాన్ని మళ్ళా సంపేదానికి నా కాడికి రావద్దు. చెయ్యి నీ భుజానికి ఉండాది, నా భుజానికి కాదు."

మూట తీసుకుని బస్సెక్కి, డ్రైవరు సీటు వెనకాలే కిటికీ పక్కన కూచుంది. మొగుడి వైపు మళ్ళీ చూడలేదు. అలివేలమ్మ ఏదో అడగబోయి, ఆమె ముఖం చూసి నోరు మూసుకుంది.

ఇంతలో ఇంజను అందుకుంది. దగ్గి, తుమ్మి, ఊగి, చివరికి ఒక తీరున కొట్టుకోసాగింది. బొగ్గు బస్సు ఇంజను ఒకసారి అందుకుంటే ఆపరు, ఆపితే మళ్ళీ అరగంట గాలి కొట్టాలి. గోవిందు డ్రైవరు సీట్లో కూచుని మీసం దువ్వుకుంటున్నాడు. అప్పుడే కెప్టెన్ దేవసహాయం గారు ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చారు.

"కుప్పయ్యా, నీ ఫోటో మద్రాసు పేపరుకు పంపిస్తాను. మన జిల్లా సిపాయి ఎట్లా పైకి వచ్చాడో అందరూ చూడాలి. నువ్వు డ్రైవరు సీట్లో కూచో. ఊరికే ఫోటోకే."

కుప్పయ్య కదల్లేదు. "నేనెందుకు సార్..."

"నీ బస్సయ్యా ఇది! యజమాని వెనక నిలబడితే ఎట్లా?"

ఏకాంబరయ్య నవ్వుతూ ముందుకొచ్చాడు. "కెప్టెన్ గారు అంత ప్రేమగా చెప్తా ఉంటే ఎక్కప్పా. గోవిందూ, దిగు."

జనం ముందు మళ్ళీ 'అప్పా' అయింది. గోవిందు విసుక్కుంటూ దిగాడు. కుప్పయ్య కుడిచేత్తో పట్టుకుని ఎక్కాడు. సీటు వెచ్చగా ఉంది. కాళ్ళు వాటి చోట్లు అవే వెతుక్కున్నాయి. బ్రేకు, క్లచ్చి. ఇంజను అదురు అరికాళ్ళలోంచి మోకాళ్ళదాకా పాకింది. రెండేండ్లు దాటింది ఆ అదురు ఒంట్లోకి వచ్చి. ఎన్ని రాత్రులు కలలో ఈ సీట్లో కూచున్నాడో. ఇప్పుడు కూచోబెట్టారు, బొమ్మల కొలువులో బొమ్మను పెట్టినట్టు.

ఏకాంబరయ్య మెడలో పూలదండతో బానెట్టుకు ముందు, నడిమధ్య నిలబడ్డాడు. ఫోటోలో తానూ పడాలి కదా, అదీ యజమాని కంటే ముందు. ఫోటోగ్రాఫరు ముక్కాలి పెట్టెను దూరంగా ఒక పక్కకు సర్దుకుని నల్లగుడ్డ కప్పుకున్నాడు. మళ్ళీ తల బయటపెట్టి, "సార్, ఆయన రెండో చెయ్యి కనపడటం లేదు," అన్నాడు.

కెప్టెన్ గారు ఫుట్‌బోర్డు ఎక్కి లోపలికి వంగారు. "ఈ చెయ్యి కూడా స్టీరింగు మీద పెడదామా కుప్పయ్యా? వంగకపోయినా పరవాలేదు, చాచినట్టు పెడితే చాలు. నొప్పి ఉంటే చెప్పు." నిద్రపోయే పసిబిడ్డ చెయ్యి ఎత్తినంత నెమ్మదిగా ఆ ఎడమ చెయ్యి ఎత్తి, వేళ్ళు ఒక్కొక్కటీ స్టీరింగు మీద ఆనించారు. కుప్పయ్య మోచెయ్యి బిగబట్టాడు. నరాలు తెగిపోతాయేమో అన్నంత బిగబట్టాడు.

మిలిటరీలోంచి వచ్చినప్పటి నుంచి సర్కారు మనిషి ఒకడు ఇంత ఆదరంగా తనను తాకడం ఇదే మొదలు. ఈయన దగ్గరే అబద్ధం ఆడాలి. బతికినన్నాళ్ళూ ఆడాలి. కుప్పయ్య కళ్ళలోంచి నీళ్ళు జారి మెడళ్ళ మీద పడ్డాయి.

కెప్టెన్ గారు అది కృతజ్ఞత అనుకున్నారు. "ఛ, సిపాయివి, ఏడవకూడదు," అని భుజం తట్టి దిగి, దూరంగా జరిగి నిలబడ్డారు.

"అందరూ ఇటు చూడండి," అన్నాడు ఫోటోగ్రాఫరు గుడ్డ కిందనుంచి. "కదలొద్దు."

ముందు అద్దంలోంచి ఏకాంబరయ్య వీపు, పూలదండ కనపడుతున్నాయి. పక్కగా ఉన్న చిన్న అద్దంలో మునిలక్ష్మి ముఖం కనపడుతోంది. ఆమె కెమెరా వైపు చూడటం లేదు. ఆ ఎడమ చేతినే చూస్తోంది. ఏకాంబరయ్య తల కొంచెం వెనక్కి తిప్పి, ఇంజను చప్పుడు మీద వినపడేట్టు, ఫోటో కోసమే చెబుతున్నట్టు అన్నాడు.

"అట్లే ఉండు. బాగుండాది. ఇంక దించొద్దు."

"ఒకటి," అన్నాడు ఫోటోగ్రాఫరు.

కుప్పయ్య ఎడమ కాలు క్లచ్చిని నేలకు తొక్కింది. తీరు మారిన ఇంజను చప్పుడును ఆ మైదానంలో పోల్చుకున్నవాడు గోవిందు ఒక్కడే. "మామా!" అని కేకేశాడు. ఏకాంబరయ్య ఫోటో చెడిపోతుందని కదల్లేదు.

"రెండు."

కెప్టెన్ గారు ఒక్కొక్క వేలూ ఆనించి పెట్టిన ఆ చెయ్యి స్టీరింగును వదిలింది. అందరూ చూస్తుండగా మోచేతి దగ్గర వంగింది. వంగి, గేరు కర్రను పట్టుకుంది. పొద్దున హారతికి ఆ చెయ్యి తనంతట తానే లేచింది. ఇప్పుడు కుప్పయ్యే పంపాడు.